కాలువ అవతలి కానుగ చెట్టు

“ఏమప్పా, నా చెట్లన్నీ కాలువలో ఎందుకు మునిగుండాయి?”

మహదేవపుర ఆఫీసులో లలిత్ బల్ల మీద ఫోన్ పెట్టి నిలదీసింది సుమ. వర్తూరు చెరువు చుట్టూ తిరిగి, ఒక్కో చెట్టు ఉన్న చోటును అంకెల్లో పంపే పని ఆమెది. ఆ అంకెలను మ్యాప్‌లో దాచే యాప్ అతనిది.

“డేటా తేలిగ్గా ఉంటుందని దశాంశం తర్వాత మూడంకెలే ఉంచానండీ,” అన్నాడా కాకినాడ అబ్బాయి.

“మూడే అయితే చెట్టు యాభై మీటర్లు నడిచిపోతాది! మిగతా అంకెలు యాడుండాయి?”

లలిత్ తల దించుకున్నాడు. “లేవు. ఒకసారి కోసేస్తే తిరిగి రావు. తప్పు నాదే. ఆరంకెలకు మార్చేస్తాను. మళ్లీ కొలుద్దాం, నేనూ వస్తాను.”

వస్తాడని సుమ అనుకోలేదు. ప్రతి శనివారం వచ్చాడు. వాన పడితే గొడుగు తీసి ఆమె చెట్లు కొలిచే పరికరానికి పట్టాడు.

“నాకు పట్టల్లని తోచలేదా?”

“మీరు తడిస్తే ఆరిపోతారు. అది పాడైపోతుందండీ!”

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. తప్పు ఒప్పుకునేవాళ్లను చూసింది గానీ, దాన్ని చెట్టు చెట్టుకూ నడిచి దిద్దే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

చెట్లు అయిపోయాయి. సోమవారం నుంచి సుమను దూరాన ఉన్న ఆనేకల్‌లో పనికి వేశారు.

“చెప్పాల్సిందేమన్నా ఉంటే నేను పోయేలోపల చెప్పు. తర్వాత నేనడగను,” అంది లలిత్‌తో.

ఆదివారం ఆమె ఫోన్‌లోని యాప్‌లో లలిత్ పెట్టిన గుర్తు ఒకటి వచ్చింది. ‘కానుగ చెట్టు కింద. అయిదింటికి.’

చెరువు చుట్టూ కానుగలే. సుమ గుర్తు చూపిన చోటికే వెళ్లి నిలబడింది. చెట్టు లేదు. మనిషీ లేడు. వాన మాత్రం టైముకొచ్చింది. ఇదే ఆఖరుసారి అని ఎవరూ చెప్పి పోరు గదా అనుకుంది. ఫోన్ చేసింది.

“రాకుండా ఉండేదానికి ఎందుకప్పా పిలిచినావు?”

“వచ్చానండీ! చెట్టు కిందే ఉన్నాను. మీరెక్కడ?”

“నీ గుర్తు మీదే! ఈడ చెట్టే లేదు!”

“సుమ గారూ... మీ ఫోన్‌లో యాప్ అప్‌డేట్ చేశారా?”

సుమ నాలుక కరుచుకుంది. ఆఫీసు పరికరంలో కొత్తది వేసింది. సొంత ఫోన్‌లో ఆ పాత మూడంకెల యాపే ఉండిపోయింది. తలెత్తి చూస్తే కాలువ అవతల, కానుగ కింద, గొడుగు ఊపుతూ లలిత్!

“ఉండండి, వస్తున్నా!”

“కదలాకు! ముందు చెప్పు!” అని అరిచింది.

“మీరంటే ఇష్టమండీ! ఆనేకలైనా రోజూ వస్తాను! మా అమ్మకి కూడా చెప్పేశాను!”

గట్టు మీద ఎనుములు తోలుకుపోతున్న పెద్దమునియప్ప ఆగాడు. “ఊరంతా ఇనపడె గదమ్మా, ఇంకేం కావల్ల? పో!”

సుమ వంతెన మీదుగా పరుగెత్తింది. కానుగ కిందికి చేరి, సంచిలోంచి పరికరం తీసి నేల మీద పెట్టింది.

“దీన్ని కొలిచేశాం కదండీ!”

“చెట్టును కాదులే.”

పరికరం తెర మీద ఆరంకెలూ కదలకుండా నిలిచాయి. చెట్టు పేరు రాసే గడిలో ‘మేము’ అని కొట్టింది.

అంతసేపూ గొడుగు ఆమెకే పట్టాడు లలిత్. పరికరం నిలువునా తడిసింది.