చిత్రాన్నం చూసిన గండికోట

ప్రొద్దుటూరు శివాలయం వీధిలో ఇంకా ముగ్గులు కూడా పడలేదు. అప్పటికే ఆ ఇంట్లో తాలింపు చిటపటలాడింది. కృష్ణవేణమ్మ చింతపండు చిత్రాన్నం కలిపేసింది, పూర్ణం పెట్టి ఓళిగలు కాల్చి ఆకుల్లో చుట్టింది, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరి గిన్నెకెత్తింది. ఇంట్లో వియ్యాలవారు ఉన్నారు మరి. కూతురు వాసవి అత్తమామలు సూర్యప్రకాశ గుప్త, రత్నమాణిక్యం పెళ్ళయ్యాక మొదటిసారి కాకినాడ నుంచి కోడలిని వెంటబెట్టుకుని వచ్చారు. అల్లుడు ఉదయ్‌కిరణ్ మాత్రం కొట్టు వదిలి రాలేకపోయాడు.

కృష్ణవేణమ్మ భర్త రామాంజనేయులుకు బజారులో బట్టలంగడి. ఊరికి ఎవరొచ్చినా గండికోట చూపించనిదే ఆయనకు నిద్ర పట్టదు. సూరత్ నుంచి వచ్చిన చీరల ఏజెంటుకు చూపించాడు. ఈరోడ్ నుంచి వచ్చిన లుంగీల ఏజెంటుకు చూపించాడు. ఆ ఏజెంటు తోడల్లుడికి కూడా చూపించాడు. ప్రతిసారీ అన్నం డబ్బా కట్టింది కృష్ణవేణమ్మే. డబ్బా నిండుగా వెళ్ళేది, ఖాళీగా వచ్చేది. ఆమె తోమి బోర్లించేది.

పట్టుమని గంట ప్రయాణం లేని ఆ కోటను, కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆమె చూసింది లేదు. వాళ్ళూ వీళ్ళూ చెప్పిన మాటలతో లోపల ఒక గండికోట కట్టుకుంది. అప్పుడప్పుడు అది కలలోకి వచ్చేది. ఆ కలలో పెన్నేరు బియ్యం కడిగిన నీళ్ళ రంగులో, చప్పుడు లేకుండా పారేది. ఒడ్డున ఆమె ఒక్కతే డబ్బా పట్టుకుని నిలబడి ఉండేది. తినడానికి ఎవరూ ఉండేవారు కాదు.

“ఏమ్మే, డబ్బా కట్టినావా? డ్రైవర్ మున్వర్ పెద్ద కారు తెచ్చినాడు,” అంటూ రామాంజనేయులు వంటింట్లోకి తొంగిచూశాడు.

“కట్టినా. ఈ పొద్దు నేను గూడ వస్తా.”

“నువ్వు యాడికి? వాళ్ళు సాయంత్రం తిరిగొచ్చేతలికి వేడివేడిగా వండి పెట్టొద్దా? మొదటిసారి వచ్చిన వియ్యాలోళ్ళకు ఓటలు నుంచి కూడు తెచ్చి పెడ్తామా?”

“వచ్చినాక వండుతా.”

“గండికోట యాడికి పోతాది? మనూర్లోదే గదా, ఎప్పుడైనా సూడొచ్చు.”

ఆమె డబ్బా మూత బిగించింది. ఈ మాట విన్న ప్రతిసారీ ఆమె చేసింది అదే. కానీ తల దువ్వుకుంటూ వరండాలోకి వచ్చిన రత్నమాణిక్యం అంతా విననే విన్నది.

“అదేంటండీ అన్నయ్యగారూ, వదినగారు రారా? ఆవిడ రాకపోతే నేనూ రానండీ. మీ మగాళ్ళ వ్యాపారం కబుర్లు వింటూ కూర్చోవాలా ఏంటి?”

వియ్యపురాలి మాట కాదనే ధైర్యం ఏ ఆడపిల్ల తండ్రికి ఉంటుంది! కృష్ణవేణమ్మ చిలకాకుపచ్చ చీర కట్టుకుని వచ్చి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది.

జమ్మలమడుగు దాటాక నేల ఎర్రబడింది. పల్చని మంచులో చెనిక్కాయ చేలు, రాళ్ళ గుట్టలు, ఎక్కడో ఒక గొర్రెల మంద నెమ్మదిగా వెనక్కి జరిగిపోతున్నాయి. అన్నీ తను ఇదివరకే కలలో చూసినట్టుంది కృష్ణవేణమ్మకు. మగవాళ్ళు మధ్య సీట్లో పత్తి ధరల్లో పడ్డారు. వెనక సీట్లో రత్నమాణిక్యం కునుకు తీస్తోంది. తల్లి భుజం మీద తల పెట్టి పడుకున్న వాసవిని కృష్ణవేణమ్మ మెల్లగా అడిగింది.

“సముద్రం ఎట్లుంటాదే? కోటకంటే పెద్దగుంటాదా?”

వాసవి కాసేపు కిటికీలోంచి చూసింది. “నేనింగా సూడలేదుమా.”

“అల్లుడు తీసకపోలేదా? మీ ఊర్లోనే గదా ఉండేది!”

“అంగడి మూసేతలికి చీకటి పడతాది. మన ఊళ్ళోదేగా, ఎప్పుడైనా వెళ్దాం అంటాడు.” నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

కృష్ణవేణమ్మ కూతురి మొహంలోకి చూసింది. తన ఇంట్లో పుట్టిన మాట, బిడ్డ కంటే ముందే కాకినాడ వెళ్ళి కూర్చుందా! కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కోటలో రామాంజనేయులును పట్టడానికి లేదు. “రాండి బావగారూ, ఇది మాధవరాయ స్వామి గుడి. అదో, ఆ పక్క మసీదు. ఇది ధాన్యం కొట్టు, లోపల శానా చల్లగుంటాది,” అంటూ ముందు నడిచాడు. చివరికి అందరినీ లోయ అంచుకు తెచ్చి, తనే కట్టించినంత గర్వంగా చెయ్యి చాచాడు.

కృష్ణవేణమ్మ చూసింది. కలలో పెన్నేరు ఇంత లోతున లేదు. ఎర్రటి బండలు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మర్చిపోయినట్టు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఆకుపచ్చగా, కదులుతోందో లేదో తెలియకుండా నీళ్ళు. పైన రెండు గద్దలు. గాలికి ఆమె చీర చెంగు లోయ వైపు ఎగిరింది. ఇల్లూ, పొయ్యీ, సాయంత్రం వంటా ఏవీ గుర్తు రాలేదు.

“అద్భుతం బావగారూ!” అన్నాడు గుప్త. “చెల్లెమ్మగారు ఇలాంటివి ఎన్నిసార్లు చూసుంటారో!”

“ఆమెకేంది, లెక్కే లేదు. నేను వచ్చినప్పుడల్లా వచ్చినాది.”

ఇంకో రోజైతే ఆమె తలూపి ఊరుకునేదే. కానీ పక్కన వాసవి ఉంది.

“లేదన్నా,” అంది కృష్ణవేణమ్మ. “నేను సూసేది ఇదే మొదలు.”

రామాంజనేయులు నవ్వేశాడు. “ఏంది నువ్వు! మన వాసవికి పుట్టెంట్రుకలు తీసిన యేడు రాలేదా? ఈ బండ మిందనే కూచ్చోని చిత్రాన్నం తిన్యాం. నేను కరేపాకు ఏరి పక్కన పెడ్తాంటే, తినండి, కండ్లకు మంచిది అన్యావు గూడ.”

“ఆ మాట ఇంట్లో అన్యా, డబ్బా చేతికిచ్చేటప్పుడు. మీ అమ్మా, మీ చెల్లెండ్లు వచ్చినారు. పాపకు జరమని నేను నిలిచిపోయినా.”

“అట్లనా? పెన్నకు నీళ్ళు శానా వచ్చిన యేడు వస్తివి గదా?”

“డబ్బా వచ్చింది.”

“అమ్మవారిశాల గుడి వాళ్ళతో బస్సులో...”

“డబ్బా వచ్చింది.”

ఆయన ఆ బండ వైపు మళ్ళీ చూశాడు. గుప్త అటు తిరిగి గద్దల్ని చూడసాగాడు.

“నాకు సూపించలేదని బాధ లేదని చెప్పను. ఉండాది,” అంది ఆమె. “అది నేను మింగుకుంటా. ఈ పొద్దు కార్లో పాప అదే మాట చెప్పింది. మన ఊర్లోదే గదా, ఎప్పుడైనా పోదాం అని. సముద్రం పక్కన కాపురముండి సముద్రం సూడలేదంట. నా బిడ్డ గూడ డబ్బాలు కట్టిచ్చుకుంటా కలలు కనాల్నా?”

“అమ్మా!” అని వాసవి తల్లిని చుట్టుకుపోయింది.

గొడవ అవుతుందని భయపడ్డాడు రామాంజనేయులు. కానీ రత్నమాణిక్యం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“కోప్పడకండి అన్నయ్యగారూ, వదినగారు నా మాట కూడా చెప్పేశారు. నేను సముద్రం చూసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదండీ. డాబా మీదికి గాలి వస్తుంది, అంతే.” భర్త వైపు తిరిగింది. “విన్నారా? ఆదివారం కొట్టు కట్టేసి మీరూ మీ అబ్బాయీ మమ్మల్ని తీసుకెళ్ళాలి.”

“అలాగేలే,” అన్నాడు గుప్త, గద్దల మీంచి చూపు తిప్పకుండానే.

రామాంజనేయులు మాత్రం ఇంకా ‘డబ్బా వచ్చింది’ అన్న మాట దగ్గరే నిలబడి ఉన్నాడు. అన్నేళ్ళ ప్రయాణాలూ ఒక్కొక్కటీ వెతుక్కున్నాడు. అన్నింట్లోనూ ఆమె ఉంది. ఈ బండ మీదే, పక్కనే. ఎంత తరిమినా పోవడం లేదు.

“నేను అబద్దం చెప్పలేదు వేణీ,” అన్నాడు చివరికి. “నిజంగానే నువ్వుండావనుకున్యా. ఈడ కూచ్చున్నప్పుడల్లా నీ చేతి కూడే తింటి. పక్కన నువ్వు లేవని నాకెట్ల తెలుస్తాది?”

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన అబద్ధం చెప్పడని ఆమెకు తెలుసు. సంతోషపడాలో, ఏడవాలో తెలియక రెండూ చేసింది.

జేబులో ఫోను మోగింది. అంగడి నుంచే. రామాంజనేయులు దాన్ని ఆపేసి, చెంపలు తుడుచుకున్నాడు. తర్వాత ఏజెంట్లను పిలిచే గొంతుతోనే, చెయ్యి ముందుకు చాచి ఆమెను పిలిచాడు.

“రాండమ్మా, జాగర్త, ఆడ బండ జారుతాది. ఇది మా పెన్నేరు. కొండను కోసుకుంటా వచ్చినాది...”

“చాల్లే, మీ వేషాలు!” అంటూనే ఆమె ఆ చెయ్యి పట్టుకుని బండ మీద కూర్చుంది.

డబ్బా ఆయనే విప్పాడు. అందరికంటే ముందు ఆకులో ఆమెకు పెట్టాడు. ఇన్నేళ్ళుగా ఇక్కడికి వచ్చిపోతున్న ఆ చిత్రాన్నాన్ని ఆమె ఇక్కడ తినడం ఇదే మొదటిసారి. లోయలోకి చూస్తూ, చూస్తూ, చేతికి తగిలిన కరివేపాకు తీసి ఆకు అంచున పెట్టింది.

“తిను,” అన్నాడు రామాంజనేయులు. “కండ్లకు మంచిది.”

కృష్ణవేణమ్మ కరివేపాకును నోట్లో వేసుకుంది. కళ్ళు మాత్రం పెన్నేటి మీంచి తిప్పలేదు.