ఫిలోమిన మానుకున్నది

మంగళవారం పొద్దున యేసు ప్రభువు గడ్డం గీయించుకున్నాడు.

కంగారు పడకండి. పవిత్ర శుక్రవారం నాడు ఎమ్మిగనూరు వీధుల్లో గుడివాళ్లు ఆడే సిలువ మార్గం నాటకంలో ప్రభువు వేషం అనిల్‌ది. విభూది బుధవారం నుంచి కంటికి రెప్పలా చూసుకుంటూ పెంచిన గడ్డం అది. కర్నూలులో ఏదో ఉద్యోగానికి ఇంటర్వ్యూ అని కబురు రాగానే ముందూ వెనకా చూడకుండా పోయి కుర్చీలో కూర్చుని నున్నగా చేయించుకున్నాడు. గుడి పనులన్నీ చూసే ఉపదేశి రాయప్ప అతని చెంపలు తడిమి చూసి మెట్ల మీద కూలబడ్డాడు.

"శుక్రవారం దాకా ఆగలేకపోయినావా అప్పా," అన్నాడు. అంతకంటే గట్టిగా తిట్టడానికి పవిత్ర వారం అడ్డొచ్చింది.

ఈ సంగతి ఫిలోమినకు ఆదోని బస్సులో తెలిసింది. అప్పటికి ఆమె ఒళ్లో బాటనీ రికార్డు, చేతిలో ఇంటర్నల్ పరీక్ష నోట్సు, నోట్లో గుడి కోయిర్‌లో పాడాల్సిన పాట ఉన్నాయి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ రోజూ ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయి వస్తుంది. కాలేజీకి ఇది మామూలు వారం. గుడికి మాత్రం ఏడాది మొత్తంలో పెద్ద వారం. మొన్న ఆదివారం మ్రానికొమ్మల పండగకు ఈత మట్టలు పంచింది ఆమే. గురువారం ఫాదర్ గారు పన్నెండు మంది కాళ్లు కడిగేటప్పుడు తువ్వాళ్లు అందించాల్సిందీ ఆమే. చాలదన్నట్టు నాటకంలో వెరోనికమ్మ వేషం కూడా ఆమె నెత్తినే పడింది. సిలువ మోస్తున్న ప్రభువు ముఖం తుడిచే తల్లి అన్నమాట. ఆ వేషానికి ఒక్క మాట కూడా లేదు.

మాటలు లేవనే ఆమె ఒప్పుకుంది. ఎవరు వచ్చి ఎదురుగా నిలబడినా తన మొక్కుకు భయం ఉండదని.

ఆ మొక్కు సంగతి చెప్పాలి. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా నలభై రోజుల తపస్సు కాలంలో ఎవరికి ఇష్టమైంది వాళ్లు మానుకుంటారు. నాయనమ్మ ముత్తమ్మ ఏటా వక్కాకు మానుకుంటుంది. ఫిలోమిన ఈసారి బజ్జీలు మానుకుందామనుకుంది. ఆదోని బస్టాండులో ఉగ్గాని, బజ్జీ అంటే ఆమెకు ప్రాణం. కానీ విభూది బుధవారం నాడు ఫాదర్ గారు ప్రసంగంలో, వదిలితే లోపల నొప్పి పుట్టాలి, లేకపోతే అది తపస్సు కాదు, డైటింగ్ అన్నారు. విభూది పెట్టించుకునే వరుసలో నిలబడి ఆమె లెక్కలేసుకుంది. బజ్జీలు లేకపోతే బతకొచ్చు. సీరియల్ చూడకపోతే బతకొచ్చు. శౌరితో మాట్లాడకపోతే అనుకుంది. అక్కడ గుండె కలుక్కుమంది.

అంతవరకూ ఆమెకే తెలియదు పాపం. నుదుటి మీద విభూది పడే వేళకు, తను శౌరిని ప్రేమిస్తోందని తెలిసింది. తెలిసిన మరుక్షణం ఈస్టర్ దాకా అతనితో మాట్లాడనని దేవుడికి మాటిచ్చేసింది. పిచ్చిపిల్ల, కనీసం ఇంటికి పోయి ఆలోచించుకోలేదు.

శౌరి ఆదోనిలో బి.ఇడి. చదువుతున్నాడు. నిరుడు వానల్లో ఆదోని బస్టాండులో ఆమె గొడుగును తనదనుకుని తీసుకుపోయాడు. ఆమె తడుస్తూ వెంటపడి నడిరోడ్డు మీద నాలుగు తిట్టింది. అతను తిట్లన్నీ వినయంగా విని, ఆ గొడుగు కిందే ఆమెను కాలేజీ దాకా దిగబెట్టాడు. గొడుగు చిన్నది కాబట్టి అతనే సగం తడిశాడు. ఆ రోజు నుంచి ఆమె బస్సు దిగేసరికి అతను ఎదురుగా ఉండేవాడు. కాలేజీ గేటు దాకా ఇద్దరూ నోటికి విశ్రాంతి లేకుండా వాగేవాళ్లు.

మానుకున్నదేమిటో బయటికి చెబితే పుణ్యం పోతుందని నాయనమ్మ చిన్నప్పటి నుంచీ చెప్పేది. అందుకని ఫిలోమిన అతనికీ చెప్పలేదు, కాలేజీ స్నేహితురాలు వీణకూ చెప్పలేదు. శోధనలో పడకుండా ఫోన్లోంచి అతని నంబరు కూడా తీసేసింది.

మొదటి రోజు శౌరి ఆమెకు తలనొప్పి అనుకున్నాడు. తర్వాత కోపమనుకున్నాడు. గొడుగు విషయంలో మరోసారి క్షమాపణ చెప్పాడు. తను చేయని తప్పులకు కూడా వరసబెట్టి చెప్పాడు. ఒకనాడు వేడి బజ్జీలు పొట్లం కట్టించి తెచ్చి ముందు పెట్టాడు. ఆమె తల వంచుకుని పక్కనుంచి పోయి, కాలేజీ గోడ చాటున ఏడ్చింది. చివరికి అతను బస్టాండుకు రావడమే మానేశాడు. గడ్డం పెంచాడని వీణ చెప్పింది.

అదిగో, ఆ గడ్డమే కొంప ముంచింది.

బుధవారం సాయంత్రానికి రాయప్ప ఎమ్మిగనూరు కుర్రాళ్ల గడ్డాలన్నీ పరిశీలించాడు. అన్నింటికీ గీతలూ డిజైన్లూ ఉన్నాయి. ఒక్కటీ ప్రభువుకు పనికిరాదు. దిక్కుతోచక ఆదోని గుడికి ఫోన్ చేస్తే, ఇక్కడ ఒక కుర్రాడు ఎందుకో తపస్సు మొదటి వారం నుంచీ కత్తి ముట్టలేదని చెప్పారు. ఆ రాత్రి రిహార్సల్‌కు ఫిలోమిన తువ్వాల భుజాన వేసుకుని వచ్చేసరికి, గుడి ముందర సిలువ ఆనించుకుని శౌరి నిలబడి ఉన్నాడు. ఆమె భుజం మీంచి తువ్వాల జారిపోయింది.

"ఈ పాప వెరోనికమ్మ. మాటలేం ఉండవు, వచ్చి గమ్మున తుడిసి పోతుంది," అని రాయప్ప పరిచయం చేశాడు.

"మాట్లాడకుండా ఉండేది ఈమెకు బాగా వచ్చులే అన్నా," అన్నాడు శౌరి.

అనిల్‌కు రోమా సైనికుడి వేషం ఇచ్చారు. నున్నటి గడ్డానికి అదే సరిపోయింది.

గురువారం కాళ్లు కడిగించుకోవాల్సిన పన్నెండు మందీ, ఫాదర్ గారు చూస్తే బాగుండదని, ముందే ఇంట్లో సబ్బేసి రాయితో రుద్దుకుని వచ్చారు. ఆ పూజ నుంచి ఈస్టర్ దాకా గుడి గంటలు మోగవు. వాటి బదులు చెక్క గిలక తిప్పుతారు. తిప్పితే కటకటమని ఊరంతా వినిపిస్తుంది. ఆ గిలక బాధ్యత కూడా రాయప్ప ఫిలోమినకే అప్పగించాడు. పొద్దున కెమిస్ట్రీ ఇంటర్నల్‌లో ఏం రాసిందో ఆమెకు గుర్తులేదు.

శుక్రవారం ఎండ నిప్పులు చెరిగింది. జనం గుంపులుగా వెంట నడుస్తుంటే శౌరి సిలువ మోసుకుంటూ వచ్చాడు. ముఖం మీద కుంకుమ నీళ్లు, చెమట కలిసి కారుతున్నాయి. రాయప్ప సైగ చేశాడు. ఫిలోమిన పోయి అతని ఎదుట మోకాళ్లూని తువ్వాలతో ముఖం తుడిచింది.

ఆమెకు మాత్రమే వినిపించేలా శౌరి మాట్లాడాడు.

"నేనేం తప్పు సేసినానో సెప్పు ఫిలో."

ఆమె నుదురు తుడిచింది.

"ఆదివారం పది గంటల బస్సుకు అమ్మ నన్ను సి.బెళగల్ తీసుకపోతాంది, పిల్లను సూసేకి. ఈడనే ఎమ్మిగనూరులో బస్సు మారల్ల. నువ్వు ఒక్క మాట సెప్పు, పోను. వద్దంటే వద్దని అదైనా సెప్పు."

మాట గొంతు దాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేసింది. ఇన్నాళ్లు నిలబెట్టుకున్న మొక్కు, ఇంకొక్క రోజు. కానీ ఆ ఒక్క రోజు తర్వాత ఇతను వేరే పిల్ల ముందు కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంటాడు. ఆమెకు దుఃఖం ఆగలేదు. అదే చోట మళ్లీ మళ్లీ తుడిచింది. శౌరి చెంప ఎర్రబడింది.

"తుడిసింది సాలు, పక్కకు జరుగుమ్మా," అని సైనికుడు అనిల్ గదమాయించాడు.

ఆ తర్వాత ఆమె పక్కకు వచ్చి, తుడిచినప్పుడు అచ్చుపడినట్టు ప్రభువు ముఖం చిత్రించిన రెండో తువ్వాల ఎత్తి జనానికి చూపించాలి. అది మరిచిపోయి దాంతోనే ముక్కు చీదుకుంది. అయినా ముసలమ్మలందరూ వలవలా ఏడ్చారు. ఇంత బాగా చేసిన వెరోనికమ్మను తన జన్మలో చూడలేదని రాయప్ప అన్నాడు.

శనివారం రాత్రి ఈస్టర్ పూజలో గంటలు మళ్లీ గణగణ మోగాయి. మొక్కు తీరిపోయింది. ఫిలోమిన ఆ సంతోషంలో కోయిర్ మొత్తాన్ని మించిపోయేలా అల్లెలూయ పాడింది. తారస్థాయి దగ్గర ఎవరూ సాయం రాకపోయినా ఒంటరిగా పోయి తిరిగొచ్చింది.

ఆదివారం పొద్దున లేచి చూసుకుంటే గొంతు లేదు. పూర్తిగా పోయింది. నాయనమ్మకు ఈస్టర్ శుభాకాంక్షలు చెబితే గాలి తప్ప ఏమీ రాలేదు. ముత్తమ్మ తీరిగ్గా వక్కాకు నములుతూ మిరియాల కషాయం పెట్టిస్తానంది.

శౌరి నంబరు కోసం వీణకు మెసేజీలు పెట్టింది. ఆదివారం పూట వీణ మధ్యాహ్నమైతే గానీ లేవదు. గోడ గడియారం పది కొట్టబోతోంది. ఉపదేశికి తిరిగి ఇవ్వాల్సిన గిలక సంచిలో ఉండగానే, ఆ సంచి భుజాన వేసుకుని కొత్త చుడీదార్‌లో బస్టాండుకు పరుగెత్తింది.

సి.బెళగల్ బస్సు అప్పుడే కదులుతోంది. కిటికీ దగ్గర శౌరి. గడ్డం గీసుకున్నాడు, చెంప మీద కత్తి గాటు కూడా ఉంది. ఫిలోమిన పిలిచింది. నోరు తెరుచుకుంది గానీ పిలుపు రాలేదు. చప్పట్లు కొట్టింది. బస్టాండులో చప్పట్లు ఎవరు వింటారు. బస్సు మలుపు తిరగబోయింది.

అప్పుడు సంచిలోంచి గిలక తీసి, బలమంతా పెట్టి తిప్పింది.

కటకటకటమని ఆ మోతకు బస్టాండు మొత్తం మాటలాపేసింది. టైరుకేదో అయిందనుకుని డ్రైవర్ బ్రేకు వేశాడు. అందరి తలలతో పాటు శౌరి తల కూడా బయటికి వచ్చింది. గిలక తిప్పుతున్నది ఎవరో చూసి, మరుక్షణం బస్సు దిగాడు. అతని వెనకే ఏం జరుగుతోందో చూద్దామని వాళ్లమ్మ జోజమ్మ కూడా దిగింది. వాళ్లిద్దరూ ఎంతకీ ఎక్కకపోయేసరికి డ్రైవర్ విసుక్కుని బస్సును పోనిచ్చాడు.

"ఏమయింది?" అన్నాడు శౌరి.

ఫిలోమిన గొంతు చూపించి చేయి ఊపింది. అతని ముఖం మాడిపోయింది.

"ఇప్పుడు గూడా మాట్లాడవా?"

ఆమె బలవంతంగా గాలిని మాట చేసింది. "తపస్సుకు... మానుకున్యా."

"ఏం మానుకున్యావు?"

ఆమె చేయి ఎత్తి, చూపుడు వేలు తిన్నగా అతని గుండెకు ఆనించింది.

శౌరి వెర్రిచూపులు చూశాడు. పుట్టినప్పటి నుంచీ ఏటా తపస్సు పాటిస్తున్న మనిషే అయినా, ఆ వేలి అర్థం మాత్రం అతనికి ఎక్కలేదు. జోజమ్మకు ఎక్కింది. ఆమె కొడుకు నెత్తిన ఒకటి మొట్టింది.

"మొద్దు నాయాలా, తపస్సుకు ఎవురైనా ఇష్టం ల్యానిది మానుకుంటారా? నేను కాఫీ మానుకొని ఎట్ల అల్లాడినానో సూడలేదా?"

అప్పటికి శౌరికి తెలిసింది. నలభై రోజుల ఆ మౌనం, తల వంచుకుని పక్కనుంచి పోయిన ఆ నడక, చెంప ఎర్రబడేలా తుడిచిన ఆ చేతులు అన్నీ ఒక్కసారిగా తిరగబడి కనిపించాయి. తనను ఇంతగా ఎవరూ ప్రేమించలేదని అతనికి అనిపించింది.

జోజమ్మ ఫిలోమినను కిందికీ మీదికీ చూసింది. కొత్త చుడీదార్, చేతిలో గిలక, చెంపల మీద కన్నీళ్లు.

"కానీ పాపా, ఆదివారాలు తపస్సు లెక్కలోకి రావు గదా," అంది. "నేను ఆదివారం ఆదివారం కాఫీ తాగుతాంటి. నువ్వు గూడా ఆదివారం వీనితో మాట్లాడి ఉండచ్చు."

ఫిలోమిన గిలక పట్టుకున్న చేయి కిందికి జారిపోయింది. అంతమంది ఫాదర్లలో, ఇన్నేళ్ల ఉపదేశంలో, ఈ ముక్క ఒక్కరూ ఎందుకు చెప్పలేదో ఆమెకు అర్థం కాలేదు. చెప్పే ఉంటారు. ఆ రోజు వినలేదు.

"సరేలే. సి.బెళగల్ వాళ్లకు నేను ఫోన్ సేసి సెప్తా," అంది జోజమ్మ. "నీ డిగ్రీ అయిపోనీ, తర్వాత సూద్దాం. ఇప్పుడు మీ ఇల్లు యాడుందో తోడుకొని పో. పండగ పూట కాఫీ గూడా తాగకుండా బయల్దేరినా."

ముగ్గురూ నడిచారు. జోజమ్మ కావాలనే నాలుగడుగులు ముందు పోయింది. దారిలో బండి దగ్గర శౌరి బజ్జీలు పొట్లం కట్టించి ఫిలోమిన చేతిలో పెట్టాడు. ఈసారి ఆమె తీసుకుంది. గొంతు మండుతున్నా ఒకటి కొరికి, కళ్లు మూసుకుని నమిలింది.

"మల్లా ఏడాది తపస్సుకు ఏం మానుకుంటావు?" అనడిగాడు శౌరి, కొంచెం భయంగానే.

ఫిలోమిన పొట్లంలోకి చూసింది. అతని వైపు చూసింది. పొట్లాన్ని అతని చేతిలో పెట్టేసి, ఉన్న గొంతంతా కూడగట్టుకుని ఒకే ఒక్క మాట చెప్పింది.

"బజ్జీలు."