ఒక్క అక్షరం తేడా

మొదటి రోజే ఇద్దరికీ చెడింది.

చూపు, వినికిడి, నడకలో ఇబ్బంది ఉన్నవాళ్ళకు పనికొచ్చే పరికరాలు తయారుచేసే ల్యాబ్ అది. అక్కడ పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్‌గా ఉన్నాయనకు ముప్పై రెండేళ్ళు. తొమ్మిదో ఏట వచ్చిన జ్వరం ఆయన వినికిడిని పట్టుకుపోయింది, మాటను మాత్రం వదిలేసింది. అందుకని ప్రతి మీటింగులోనూ ఒకరు కూర్చుని, గదిలో ఎవరేం మాట్లాడినా అప్పటికప్పుడు టైపు చేస్తారు. అది గోడమీది తెరపై పడుతుంది, ఆయన చదువుకుంటాడు. రికార్డు కోసం ఆయన మాటలు కూడా టైపు చేయాల్సిందే.

పాత టైపిస్టు మానేస్తే ఆ అమ్మాయి కొత్తగా వచ్చింది. ఆ రోజు ఒక విద్యార్థి లేచి, తన ప్రయోగం బ్రహ్మాండంగా సాగుతోందని చెప్పాడు. ఆ మాటలు తెరమీద పడ్డాయి. వాటి పక్కనే బ్రాకెట్లో ఇంకోటి పడింది.

(గొంతు వణుకుతోంది.)

గైడ్ నడక ఆపాడు. ఆయన మీటింగుల్లో కూర్చోడు. కూర్చుంటే బుర్ర కూడా కూర్చుండిపోతుందని ఆయన వాదన. విద్యార్థులు చాటుగా 'కాలుగాలిన పిల్లి' అని పిలుచుకుంటారని ఆయనకీ తెలుసు.

"ఏమండీ క్యాప్షన్ గారూ, మీ అభిప్రాయాలు నాకక్కర్లేదు. మాటలు రాయండి చాలు," అన్నాడు.

ఆమె తలెత్తలేదు. వేళ్ళు మాత్రం కదిలాయి.

రాసే మనిషి: అభిప్రాయం కాదండీ. గదిలో అందరికీ వినబడింది. మీ ఒక్కరికే వినబడలేదు.

(ఎవరూ ఊపిరి పీల్చడం లేదు.)

ఆయన రెండుసార్లు చదివాడు. తర్వాత ఆ విద్యార్థి వైపు తిరిగి, "ఎక్కడ ఆగిపోయింది?" అని మెల్లగా అడిగాడు. కుర్రాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రయోగం ఆగి మూడు వారాలైందట. చెప్పడానికి భయపడ్డాడట.

ఆ తర్వాత ఆయన బ్రాకెట్ల జోలికి పోలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆ బ్రాకెట్ల పుణ్యమా అని ఆయనకు బోలెడు సంగతులు తెలిశాయి. మూల ఉన్న ఫ్యాను మూడు చుట్లకోసారి కిర్రుమంటుందట. ల్యాబ్ హెడ్ మేడమ్ మెట్లెక్కుతూ కూనిరాగం తీస్తుందట. వాన మొదట వరండా రేకుల మీద పడి, ఆ తర్వాత కిటికీ అద్దాల మీదికి వస్తుందట. ఆయన గురించి కూడా ఒకటి బయటపడింది.

(సార్ పెన్ను టకటక. నూట పన్నెండోసారి.)

"లెక్కపెడుతున్నారా?"

రాసే మనిషి: వేరే దారి లేదండీ. నా చెవులు పనిచేస్తాయి.

విద్యార్థులు కాగితాల వెనక మొహాలు దాచుకున్నారు. ఆయనకు కోపం రావాలి, రాలేదు. ఆ రోజంతా పెన్ను జేబులోంచి తీయలేదు. మర్నాడు మాత్రం కావాలనే నొక్కాడు. ఆమె పెదవి బిగబట్టుకుంది, అయినా నవ్వు ఆగలేదు. గదిలో ఎవరు నవ్వినా బ్రాకెట్లోకి ఎక్కేది, ఆమె నవ్వు తప్ప. అదొక్కటి ఆయన కళ్ళతోనే పట్టుకోవాలి. అందుకే ఆయన చూపు తెరమీద తక్కువా, తెర పక్కన ఎక్కువా ఉండసాగింది.

ప్రేమలో పడ్డాడు. ఇందులో దాచడానికేం లేదు. చిక్కల్లా చెప్పడం దగ్గరే. గదిలో చెబితే ఆ మాటను ఆమే టైపు చేయాలి, అది జానెడు అక్షరాలతో గోడకెక్కుతుంది. బయట చెబుదామంటే, మీటింగ్ కాగానే ఆమె కీబోర్డు సంచిలో వేసుకుని చక్కా పోతుంది. పనిచేసే చోట చనువు పెంచుకోకూడదని ఆమె వృత్తిలో నియమం.

ఇంట్లో అక్క ఉంది. తమ్ముడికి వినికిడి పోయిన కొత్తలో అతని అరచేతిలో వేలితో అక్షరాలు రాసి మాట్లాడింది ఆమే. ఫోన్లు వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఒకరోజు పొద్దున్నే కాఫీ కప్పుతో వంటింటికీ హాలుకీ మధ్య ఆయన చక్కర్లు కొడుతుంటే, చెయ్యి పట్టి ఆపింది.

'చెప్పావా?' అని రాసింది.

"ఎవరికక్కా? ఏం చెప్పాలి?"

అక్క ఈసారి చెయ్యి గట్టిగా గిల్లి వదిలింది.

ఇంతలో అసలు తలనొప్పి మొదలైంది. ఆయన దగ్గర కళ్ళద్దాలమ్మాయి అని ఒక విద్యార్థిని ఉంది. మాట విని దానంతటదే టైపు చేసే యంత్రం మీద నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. పని పూర్తయింది. పనికొస్తుందని గైడ్ సంతకం పెడితే, వచ్చే టర్మ్ నుంచి మీటింగు గదిలో ఆ యంత్రాన్నే పెడతామని హెడ్ మేడమ్ చెప్పింది. అంటే గోడమీద అక్షరాలుంటాయి. ఆ పక్క కుర్చీ మాత్రం ఖాళీ అవుతుంది.

మొదటిసారి ఒత్తులు పోతున్నాయని తిప్పి పంపాడు. రెండోసారి, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కలగాపులగం అవుతోందన్నాడు. మూడోసారి ఇంకా చక్కని తప్పు దొరికింది. ఎవరైనా 'ఇష్టం' అంటే యంత్రం 'కష్టం' అని రాస్తోంది. ఆ అమ్మాయి రెండు వారాలు కూర్చుని అదీ సరిచేసుకొచ్చింది.

నాలుగోసారి ఆయనకు ఏమీ దొరకలేదు.

"కామాలు సరిగా లేవు," అన్నాడు కిటికీ వైపు నడుస్తూ.

వెనక్కి తిరిగేసరికి తెరమీద జవాబుంది. ఎదుట కళ్ళద్దాలమ్మాయి నిలబడి ఉంది, ఆమె మాటల్ని టైపు చేస్తున్నది మాత్రం ఆ యంత్రం వల్ల పని పోగొట్టుకోబోయే మనిషి.

కామాలు మీ పేపర్లలో కూడా ఉండవు సార్. మీకు కోపం యంత్రం మీదా, నా మీదా? చెప్పండి, మానేసి పోతాను.

(ఏడుపు ఆపుకుంటోంది.)

ఆయన బ్రాకెట్ చదివి, రాసినామె వంక చూశాడు. ఆమె కీబోర్డు మీంచి చూపు తిప్పలేదు. తన కుర్చీకి ఎసరు పెట్టే మాటల్ని ఒక్క అక్షరం కూడా వదలకుండా రాసిపెట్టింది. ఆయనకు సిగ్గేసింది. తను చేస్తున్నది గైడ్ పని కాదని అప్పుడు ఒప్పుకున్నాడు.

"వాన హోరులో పరీక్షించావా?"

వాన నేను పిలిస్తే వస్తుందా సార్? గదిలో మాత్రం తొంభై మందితో చేశాను.

"మీటింగు గదికి అది చాలు. కాగితం ఇటివ్వు," అని సంతకం పెట్టేశాడు.

ఆ శుక్రవారం హెడ్ మేడమ్ అందరి ముందూ ప్రకటించింది. ఆ ప్రకటనను టైపు చేసింది రాసే మనిషే. 'వచ్చే టర్మ్ నుంచి ఈ గదిలో టైపు చేసే మనిషి అవసరం ఉండదు.' ఒక్క తప్పు లేదు, చివర చుక్క కూడా పెట్టింది. అక్షరాలు మాత్రం రోజూ కంటే నిదానంగా వచ్చాయి.

ఆ మధ్యాహ్నం కిటికీ అద్దం మీద చినుకులు జారుతుంటే ఆయన చూశాడు. వాన అని బ్రాకెట్ పడుతుందేమోనని తెర వంక చూస్తూ ఉండిపోయాడు. పడలేదు. అసలు ఆ మీటింగులో ఒక్క బ్రాకెట్ కూడా రాలేదు.

మీటింగ్ ముగిసింది. ఆమె సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆయన గదిలో ఇటు నుంచి అటు మూడుసార్లు తిరిగి, నాలుగోసారి తలుపు బయటికి నడిచాడు. మెట్లు రెండేసి దిగాడు. ఆమె వరండా చివర రేకుల కింద నిలబడి ఉంది. గొడుగు తెచ్చుకోలేదు.

"ఒక్క నిమిషం," అన్నాడు. కాస్త గట్టిగానే వచ్చినట్టుంది, ఆమె ఉలిక్కిపడింది.

ఆయన ఫోను తీసి, కళ్ళద్దాలమ్మాయి యంత్రాన్ని అందులో తెరిచి ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు. ఆమె దానివంక చూసిన చూపుకి ఆ ఫోను కాలి బూడిదవ్వాల్సింది.

'ఇదేనా నా బదులు,' అని పడింది అందులో.

"మాటలకు బదులు. మీకు కాదు."

'మరి సంతకం ఎందుకు పెట్టారు?'

"ఆ పిల్ల నాలుగేళ్ళు కష్టపడింది. మీరు వెళ్ళిపోతారని ఆ యంత్రాన్ని తొక్కిపెడితే రేపు తన మొహం ఎలా చూస్తాను? తొక్కిపెట్టడానికి కూడా చూశాను. కామాలు వెతికాను. మీరే టైపు చేశారుగా."

'నేను వెళ్ళిపోతే మీకేంటి?'

ఇక తప్పించుకునే దారి లేదు. పెన్ను కోసం జేబు తడుముకున్నాడు, అది పైనే మర్చిపోయాడు.

"ఇప్పుడు చెప్పేది మీరు రాయనక్కర్లేదు. ఎనిమిది నెలల్నించి అదే నా బాధ. వాన పడుతోందని మీరు రాస్తేనే నాకు వాన పడ్డట్టుంటుంది. ఇందాక అద్దం తడుస్తుంటే చూశాను, వాన అనిపించలేదు. నాకు మీరు కావాలండీ. టైపు చేయడానికి కాదు."

ఎదుట రోడ్డు కనబడనంత వాన పడుతోంది. రేకులు అదురుతున్నాయని స్తంభం మీద ఆనించిన ఆయన చేతికే తెలుస్తోంది. అప్పుడు ఆమె పెదవులు కదిలాయి. రెండే రెండు మాటలు. అలవాటు కొద్దీ ఆయన ఆమె పెదవులు వదిలేసి ఫోను చూశాడు.

'మీరంటే కష్టం.'

ఆయన తల ఊపాడు. నవ్వడానికి ప్రయత్నించాడు.

"అర్థమైంది. ఇబ్బంది పెట్టాను, ఏమీ అనుకోకండి."

వెళ్ళిపోదామనుకుంటే కాళ్ళు కదల్లేదు. జీవితంలో మొదటిసారి ఆయన ఒకచోట స్థిరంగా నిలబడ్డాడు. ఆమెకు ఈయన వరస అంతుబట్టక ఫోను లాక్కుని చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఆ తర్వాత నవ్వు మొదలైంది, పెదవి బిగబట్టుకుని ఆపుకునే నవ్వు కాదది, సంచి కూడా జారి కింద పడింది.

"నవ్వడానికేముంది ఇందులో?" అన్నాడు ఉక్రోషంగా.

ఆమె ఆయన చెయ్యి లాగి, అరచేతిలో చూపుడు వేలితో ఒకే ఒక్క అక్షరం రాసింది. ఆయన కళ్ళు మిటకరించాడు. మళ్ళీ అక్కడే, అదే అక్షరం రాసింది. అక్క తప్ప ఆ చేతిలో ఇంకెవరూ రాయలేదు ఇన్నేళ్ళలో.

"ఇ," అన్నాడు. ఆమె తల ఊపింది.

"మొదటి అక్షరం బదులా?" మళ్ళీ ఊపింది.

"అది మూడోసారి సరిచేయించిన తప్పు కదా, మళ్ళీ ఎలా వచ్చింది," అంది ముందు ఆయనలోని గైడ్ బుర్ర. మనిషికి ఆ తర్వాత గానీ వెలగలేదు. వెలిగాక మాత్రం ఆ చెయ్యి వదల్లేదు.

మర్నాడు పొద్దున అక్క ఏమీ అడక్కుండానే తమ్ముడి చెయ్యి తీసుకుని, 'ఆదివారం ఇంటికి తీసుకురా' అని రాసి, ఈసారి గిల్లకుండా వదిలేసింది.

కొత్త టర్మ్ మొదటి సోమవారం కళ్ళద్దాలమ్మాయి తన యంత్రాన్ని మీటింగు గదిలో పెట్టి, తప్పుల పట్టిక తెరిచింది. అడుగున గైడ్ చేతిరాతతో ఒక కొత్త వరుస చేరి ఉంది.

నలభై మూడో తప్పు. వాన హోరులో 'ఇష్టం' అంటే 'కష్టం' అని పడుతోంది. మాట్లాడినవారు: రాసే మనిషి. వెనక శబ్దాలు: వాన, నవ్వు.

ఆ అమ్మాయి పట్టిక వంకా, గైడ్ వంకా చూసింది. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నాలుగేళ్ళలో ఆ దృశ్యం చూడటం ఆమెకు అదే మొదలు.

"సార్, ఇది సరిచేయాలంటే వాక్యం మొత్తం కావాలి," అంది. "ఇష్టం అని ఎవరి గురించి అన్నారు?"

"అది మాత్రం రికార్డుకెక్కదమ్మా," అన్నాడాయన.

గోడమీద యంత్రం ఆ మాటను కూడా పొల్లు పోకుండా రాసేసింది.