బొట్టు పెట్టి పిలవని ఇల్లు

గురువారం పొద్దున్నే నళిని పొయ్యి మీది ఉప్మాని ఒక కంట కనిపెడుతూ, పదేళ్ళ కూతురు మీనాకి జడ వేస్తూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎవరికో థాంక్స్ చెబుతోంది. ఎన్నికల్లో నిలబడ్డ మొగుడున్న ఇల్లాలికి రెండు చేతులేం సరిపోతాయి చెప్పండి!

అది 1982 అక్టోబరు. అమెరికాలో, నార్త్ కరొలినాలోని రాలీ నగరం పక్కనున్న చిన్న ఊరు. ఇంటి ముందు పచ్చికలో కృష్ణమోహన్ పేరున్న బోర్డు పాతి ఉంది. మందుల కంపెనీలో సైంటిస్టు, పౌరసత్వం వచ్చి నాలుగేళ్ళు, ఇప్పుడు స్కూల్ బోర్డుకి పోటీ. ఊళ్ళో గొడవంతా పసుపుపచ్చ బస్సుల గురించే. రైలు పట్టాల అవతలున్న నల్లజాతి పిల్లల్ని ఇవతలి బళ్ళకీ, ఇవతలి తెల్లపిల్లల్ని అవతలి బళ్ళకీ పంపి కలిపి చదివిస్తున్నారు. అలా వద్దు, ఎవరి వీధి బడి వాళ్ళదేనని ఇవతలివాళ్ళ పట్టు. కృష్ణమోహన్ కూడా ఆ మాటే ఎత్తుకున్నాడు. ఓట్లు అక్కడున్నాయి మరి.

నళిని ప్రచారం తీరే వేరు. పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకీ వెళ్ళింది. తలుపు తీసిన ప్రతి ఇల్లాలికీ బొట్టు పెట్టి, "శనివారం మా ఇంటికి కాఫీకి రండి" అని పిలిచింది. ఆ దొరసానులు అద్దంలో చూసుకుని మురిసిపోయారు. మీనా స్నేహితురాళ్ళ తల్లులందరినీ పిలిచింది. ఒక్కరిని తప్ప.

"డొరతమ్మని పిలిచావా అమ్మాయ్?" చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగింది అత్తగారు రాజేశ్వరమ్మ. ఆవిడ ఇండియా నుంచి వేసవిలో వచ్చింది.

నళిని చేతిలో దువ్వెన ఆగింది. బల్ల దగ్గర పేపరు చదువుతున్న కృష్ణమోహన్ తల ఎత్తలేదు. ముందురోజే తేల్చి చెప్పాడు. "డొరతీని మాత్రం వద్దు. ఆవిడ కూతురు పట్టాల అవతలి నుంచి ఆ బస్సులోనే వస్తోంది. అందరి ముందూ ఇబ్బంది."

డొరతీ ఎవరని! మీనా పుట్టినప్పుడు నళిని పక్కన అమ్మ లేదు, అత్త లేదు, ఇండియా నుంచి వచ్చే దారీ లేదు. ఆస్పత్రిలో నర్సుగా ఉన్న డొరతీయే డ్యూటీ దిగి మంచులో నడుచుకుంటూ వచ్చి పసిదానికి నీళ్ళు పోసేది, బాలింతకి ఇంత వేడి వేడిగా తినిపించేది. ఆవిడ కూతురు షెరిల్, మీనా ఇప్పుడు ఒకే బెంచీ. రాజేశ్వరమ్మ వచ్చిన దగ్గర్నుంచీ డొరతీ వారం వారం వచ్చి, "అమ్మా" అంటూ బీపీ చూసి పోతోంది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా గంటలు గంటలు మాట్లాడుకుంటారు.

అత్తగారు ఇంకా జవాబు కోసం చూస్తోంది. నళిని నోటికి ఏదో ఒకటి రావాలి.

"ఆవిడ భర్త పోయాడు కదత్తయ్యా," అంది. "బొట్టు పెట్టి పిలిచే పిలుపాయె. మన ఆచారం కాదు కదా."

చిక్కుడుకాయ అత్తగారి వేళ్ళ మధ్యే ఉండిపోయింది. విభూతిరేఖ తప్ప ఏమీ లేని ఆ నుదురు ఒక్క క్షణం ముడిపడి, మళ్ళీ మామూలైంది.

"అవునమ్మా. నిజమే," అందావిడ.

శనివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. పకోడీలు వాయి తరవాత వాయి ఖాళీ అవుతున్నాయి. "నాకు తలనొప్పిగా ఉంది, మీరు కానివ్వండి" అని రాజేశ్వరమ్మ గది తలుపు వేసుకుంది. హడావిడిలో నళిని పట్టించుకోలేదు.

కృష్ణమోహన్ మాట్లాడాక, "మీరూ చెప్పండి, తల్లిగా" అన్నారు ఎవరో. నళిని ముందుకొచ్చింది.

"మా అమ్మాయి ఫ్రెండు ఒకతి ఉంది. చీకట్లో లేచి, బస్సులో కునికిపాట్లు పడుతూ వస్తుంది. ఒక్కోసారి బెంచీ మీదే నిద్రపోతుందట. నా ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పిల్లని తన ఇంటి దగ్గరే చదువుకోనివ్వడం దయ కాదా?"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్య నళిని వంటింటి గుమ్మం వైపు చూసింది. అక్కడ కేకు డబ్బాతో డొరతీ నిలబడి ఉంది. ఇంటిమనిషి కదా, ఎప్పుడూ వెనక తలుపునే వస్తుంది. కాఫీ సంగతి మీనా షెరిల్‌కి చెప్పింది. తనని వేరే పిలవాలా అనుకుని వచ్చింది పిచ్చితల్లి.

"దాన్ని చీకట్లో లేపేది నేనే, నళినీ." డొరతీ గొంతు పెంచలేదు. "రోజూ ఏడుస్తుంది. అయినా లేపుతాను. మా వీధి బడిలో సైన్సు పుస్తకాలకి అట్టలు కూడా లేవు. నీ వంటింట్లోనే కూర్చుని నీకు చెప్పాను."

డొరతీ డబ్బాని పొయ్యి పక్కన పెట్టింది. "ఇది అమ్మకి. గుడ్డు వెయ్యలేదు," అని చెప్పి వచ్చిన దారినే వెళ్ళిపోయింది. నళిని ఒక్క అడుగు వేసి పిలిచినా సరిపోయేది. పిలవలేదు.

అందరూ వెళ్ళాక మీనా ఏడుస్తూ మేడ ఎక్కేసింది. నళిని కప్పులన్నీ సింకులో పడేసి భర్త వైపు తిరిగింది.

"మీ ఓట్ల కోసం నా తోబుట్టువు లాంటి మనిషిని బజారున పెట్టానండీ!"

"నేనేం మాట్లాడమన్నాను? నువ్వే అన్నావు ఆ మాటలు!" కృష్ణమోహన్ మొహం ఎర్రబడింది. అంతలోనే గొంతు దిగిపోయింది. "పన్నెండేళ్ళయింది నళినీ ఈ ఊరొచ్చి. నా పేరు ఒక్కడూ సరిగ్గా పలకలేదు. ఇప్పుడు పలుకుతున్నారు. అది పోగొట్టుకోమంటావా?"

ఆయన అన్నదీ అబద్ధం కాదు. ఆ మాటలు తనవే.

"మంగళవారం నా ఓటు నేను వేస్తాను. ఎవరికని మాత్రం అడక్కండి," అంది చివరికి.

గది తలుపు తెరుచుకుంది. రాజేశ్వరమ్మ గుమ్మంలో నిలబడింది.

"తలనొప్పి తగ్గిందా అత్తయ్యా?"

"తలనొప్పి లేదమ్మా. ఆచారం అన్నావుగా. డొరతమ్మకి లేని పిలుపు నాకెక్కడిది?" ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మీ మామయ్య పోయిన ఏడు మా వీధిలో పెళ్ళి పిలుపుకి వచ్చారు. పక్కింటి గడప ఎక్కి, మా గడప దాటి, అవతలి ఇంటికి పోయారు. నేను తలుపు వెనకాలే నిలబడి గాజుల చప్పుడు విన్నాను. అది నా కోడలి నోట వింటాననుకోలేదు."

నళిని అక్కడే నేల మీద కూలబడింది. అబద్ధం ఒకటే, తగిలింది ఇద్దరికి. అత్తగారి పాదాల దగ్గర వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆదివారం పొద్దున్నే అత్తాకోడళ్ళు రైలు పట్టాలు దాటి వెళ్ళారు. డొరతీ చర్చికి తయారై, తెల్ల టోపీ పెట్టుకుని వరండాలో ఉంది. వెనకాల షెరిల్ తల తిప్పేసుకుంది.

"పార్టీ అయిపోయిందిగా," అంది డొరతీ, నళిని చేతిలోని భరిణె చూసి.

నళిని దారి పొడుగునా ఎన్నో మాటలు కూర్చుకుంది. "నిన్ను కావాలనే పిలవలేదు డొరతీ," అని మాత్రం అనగలిగింది. "తప్పు చేశాను."

"తెలుసు."

రాజేశ్వరమ్మ కోడలి చేతిలోంచి భరిణె తీసుకుంది. మామయ్య పోయాక ఆ వేలు కుంకుమ ముట్టడం అదే మొదలు. ఆ వేలితోనే డొరతీ నుదుట బొట్టు పెట్టింది. డొరతీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ముసలిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకుంది. బొట్టు తుడుచుకోలేదు. కానీ లోపలికి రమ్మనలేదు. నళిని వైపు చూడనూ లేదు.

"చర్చికి టైమవుతోంది," అని కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఆ ఎర్రటి బొట్టుతోనే వీధి మలుపు తిరిగింది.

కార్లో నళిని స్టీరింగ్ మీద తల వాల్చి చాలాసేపు ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని, భరిణె తెరిచి, అత్తగారి వైపు తిరిగి వేలు చాచింది.

రాజేశ్వరమ్మ ఆ వేలిని పట్టుకుని ఆపింది. మెల్లగా భరిణె మూత పెట్టేసింది.

"బొట్టు వద్దమ్మా," అంది. "పిలిస్తే చాలు."