పిచ్చుక మొక్క

పోయినవాళ్ళ జ్ఞాపకార్థం తోటలు గీసిపెట్టడం నా వృత్తి. "రాయి ఎదగదండీ, చెట్టు ఎదుగుతుంది. చెట్టు పెడితే పోయినవాళ్ళు ఏటా మనతోపాటు ఎదుగుతారు." ఈ మాట కనీసం పది కమిటీల ముందు చెప్పి ఉంటాను. ప్రతిచోటా ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకునేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

పదకొండో కమిటీ ముందు మాత్రం కళ్ళు తుడుచుకున్నది నేనే. ఏటిలో లాంచీ మునిగి ముప్పై ఎనిమిది మంది పోయారు. వాళ్ళలో మా అమ్మాయి ఒకతి. తొమ్మిదేళ్ళు. క్షణం నోరు మూసేది కాదని ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళం. బడివాళ్ళు విహారానికి తీసుకెళ్తుంటే లాంచీ ఎక్కనని ఏడ్చింది. పిరికిదానా అని వెక్కిరించి ఎక్కించింది నేనే.

ఏటి ఒడ్డునే స్థలం ఇచ్చారు. పాలరాతి స్తంభం కడదామన్నారు. నేను పట్టుబట్టి మొక్కలు పెట్టించాను. మనిషికొక మొక్క, అన్నీ ఒకే రకం. పేరు పలకలు వద్దన్నాను. ఏది ఎవరిదో వాళ్ళవాళ్ళకే తెలుసు. పిచ్చుకది నీటివైపు మొదటి వరసలో మూడోది.

ప్రమాదం తర్వాత నాలుగు నెలలు మా ఆవిడ నోరు విప్పలేదు. ఆ మొక్క దగ్గర విప్పింది. రోజూ సాయంత్రం వెళ్ళి కూర్చుని, చీకటి పడేలోపు వచ్చి అన్నం వడ్డించేది. "ఇవాళ బాగా మాట్లాడిందండీ" అనేది. నేను తలూపేవాణ్ణి. అది పిచ్చే కావచ్చు, ఇంట్లో ఒక గొంతు వినిపిస్తే చాలనిపించేది.

ఏడాది సంస్మరణ సభకు మూడు రోజులుందనగా, అన్నయ్యకు ఒంట్లో బాగాలేదని ఆమె ఊరెళ్ళింది. అదే పూట చూశాను. ముందురోజు దాకా బాగున్న మూడో మొక్క ఆకులన్నీ రాల్చేసి, చీపురుపుల్లలా నిలబడి ఉంది.

మొక్కలన్నిటికీ గోతులు తీసిన ముసలాయన ఒకడున్నాడు. అందరం గోతుల తాత అంటాం. పార పట్టుకుని తటపటాయించాడు.

"బాబూ, అమ్మగారిని రానివ్వండి. ఒక మాట చెప్పి తీద్దాం."

"చెబితే మళ్ళీ మూగదైపోతుంది తాతా. తీసెయ్."

అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఫొటోలవాళ్ళు నిలబడేది ఆ మొదటి వరస ముందే.

నర్సరీలో అదే ఎత్తు మొక్క దొరికింది. పీకినదాన్ని కొమ్మలు ముక్కలు చేసే మిషన్లో వేయమన్నాను. తాత వేయనన్నాడు. నేనే వేశాను. వచ్చిన చెక్కపొట్టును బస్తాల్లోని పొట్టుతో కలిపేసి, తడి ఆరకుండా ముప్పై ఎనిమిది మొదళ్ళ చుట్టూ పరిపించాను. తోటపనిలో ఏదీ వృథా పోకూడదు. ఇది కూడా నేను కమిటీలకు చెప్పే మాటే.

సభ బాగా జరిగింది. నాకు శాలువా కప్పారు. ఆ శాలువా మడిచి పెట్టాక మళ్ళీ విప్పి చూడలేదు.

ఊరి నుంచి తిరిగొచ్చిన నాలుగో రోజు అన్నం వడ్డిస్తూ మా ఆవిడ ఆగిపోయింది.

"అది అక్కడ లేదండీ."

"ఏది?"

"పిచ్చుక. పక్క మొక్క దగ్గర వినిపిస్తోంది. అక్కడికి వెళ్తే ఇంకోదాని దగ్గర."

"నేనేం చేశాను?" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఆమె నన్నేమీ అడగలేదు మరి. నా ముఖంలోకి చూసి, గరిటె పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు వీధి దీపాలు వెలిగినా ఆమె ఇంటికి రాలేదు. నేనే బయల్దేరాను.

తోటలో గాలి లేదు. ఏటి మీద నుంచి మంచు పాక్కుంటూ వచ్చి మొక్కల నడుముల దాకా నిలిచింది. తడిసిన చెక్క వాసన, దాని వెనక ఏటి బురద వాసన. ఆ బురద వాసన నాకు తెలుసు. ఏడాది కిందట ఒడ్డున గుడ్డ తొలగించి ముఖం చూపించినప్పుడు వచ్చిన వాసన అది.

మూడో మొక్క దగ్గర ఆమె లేదు. నాలుగో వరసలో మోకాళ్ళ మీద కూర్చుని, పొట్టు ఏరి ఒడిలో వేసుకుంటోంది. ఒక్కొక్క ముక్కనూ చెవి దగ్గర పెట్టుకుని, కొన్నిటిని ఉంచుకుంటోంది, కొన్నిటిని పారేస్తోంది.

"ఇంటికి పద" అన్నాను గుసగుసగా.

"ష్... వినండి."

మొదట ఏమీ లేదు. తర్వాత ఎడమ పక్క మొక్క మొదట్లోంచి సన్నగా... "అ..."

వెనకాల, చాలా దూరంగా... "...మ్మా."

ఒక్క పిలుపే. రెండు చోట్ల నుంచి.

"తాత చెప్పాడు" అంది మా ఆవిడ తలెత్తకుండా. "ముక్కలు చేసి అందరి దగ్గరా చల్లారట. సరే, అయిందేదో అయింది. ఒక్కటి చెప్పండి. తీసేముందు గీకి చూశారా?"

మొక్క పోయిందో లేదో తెలియాలంటే బెరడు మీద గోటితో గీకాలి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. తెల్లగా, పొడిగా ఉంటే లేనట్టు. పనిలో చేరినవాళ్ళకు మొదటి రోజు నేను నేర్పేది అదే. ఆ రోజు నేను గీకలేదు. పచ్చ కనిపిస్తే ఏం చేయాలో తెలియక గీకలేదు.

"చూశాను" అన్నాను. "పోయింది."

ఏటి చప్పుడు కూడా ఆగినట్టయింది.

"చూ..." కుడి పక్క.

"...డ..." నా కాళ్ళ దగ్గర.

"...లేదు." అన్ని మొదళ్ళలోంచీ, ఒక్కసారే.

మా ఆవిడ ఏడవలేదు. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, చొక్కా మడిచి, బొటనవేలి గోటితో ముంజేతి మీద గట్టిగా గీకింది. మంట పుట్టలేదు. వంగి, ఆ గీతను చాలాసేపు చూసింది.

"పచ్చ లేదు" అంది మెల్లగా.

ఒడిలోని పొట్టు కిందపడకుండా పట్టుకుని, అటునుంచి అటే వాళ్ళన్నయ్య ఊరికి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తదు. తన పిల్లను రెండుసార్లు చంపినవాడితో ఏం మాట్లాడుతుంది? నేనైనా మాట్లాడను.

పదకొండు రోజులైంది. ఆ గీత మానలేదు. నెత్తురూ రాలేదు. లోపల తెల్లగా, పొడిగా ఉంది. తలుపులన్నీ వేసుకుని ఒక్కణ్ణే ఉంటున్నాను. ఇవాళ పొద్దున స్నానం చేస్తూ చూసుకుంటే దాని పక్కనే ఇంకో గీత ఉంది. మొదటిదానిలో సగం వెడల్పు కూడా లేదు. చిన్న గోరు.