నూటపద్నాలుగో గది చీటీ

చీకటి పడ్డాక నూటపద్నాలుగో గది వైపు వెళ్ళకండి — మా చర్చిలో కొత్తగా చేరినవాళ్ళకి కారు ఎక్కడ పెట్టాలో చెప్పకముందే ఈ మాట చెబుతారు.

మాది అమెరికాలోని అరోరాలో తెలుగు చర్చి. సొంత బిల్డింగ్ లేదు. ఎప్పుడో మూతబడ్డ ఒక జూనియర్ హైస్కూల్‌ని శని, ఆదివారాలు అద్దెకి తీసుకుంటాం. జిమ్‌లో ఆరాధన, క్లాసు గదుల్లో సండే స్కూల్. తాళాలు నా దగ్గరుంటాయి. నా పేరు వినయ్ కుమార్. వారమంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడమే ఉద్యోగం కాబట్టి దేన్నీ ఊరికే నమ్మను. దెయ్యం అనే మాట చర్చిలో అనకూడదని పాస్టరుగారి ఆజ్ఞ. అందుకని మావాళ్ళు "ఆ రూమ్" అంటారు. పేరు మారిస్తే భయం పోతుందా?

ఆ గది కారిడార్ చివర, వెనక తలుపు పక్కన ఉంటుంది. గుమ్మం పక్క గోడకి, ఛాతీ ఎత్తున, ఒక ఇనప క్లిప్పు. సందెవేళ దానికి ఓ ఆకుపచ్చ చీటీ వేలాడుతూ కనబడుతుందట... దగ్గరికి వెళ్తే ఉండదట.

మా జోనాథన్ ఆరడుగుల మనిషి, డ్రమ్స్ వాయిస్తాడు. ఒకసారి అది చూసి చేతిలో కర్రలు అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చాడు. మర్నాడు వాటిని ఏరుకొచ్చింది నేనే. గోరంతని కొండంత చేయడం మనవాళ్ళకి కొత్తా అని తెగ నవ్వుకున్నాను.

ఈ కథకి నవ్వని మనిషి ఒక్కరే — లూసీ ఆంటీ.

సండే స్కూల్ అంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. అరవై దాటాయి, అయినా పిల్లలకి ఆవిడంటే హడలు. ఆవిడ క్లాసు మాత్రం ఎప్పుడూ కెఫెటీరియాలోనే. ఆరేళ్ళలో ఆ కారిడార్‌లో అడుగుపెట్టగా నేను చూడలేదు. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాను. కెఫెటీరియాకే మెట్లెక్కి వెళ్ళాలి, ఆ సంగతి నాకు తట్టలేదు.

హాజరు దగ్గర ఆవిడ మరీ కఠినం. పేరు పిలవగానే పిల్లలు ఆ వారం నేర్చుకున్న బైబిల్ వాక్యం అప్పజెప్పాలి, అదే హాజరు. క్రిస్మస్ ప్రోగ్రామ్ రిహార్సల్స్‌లో మూడుసార్లు పలక్కపోతే వేషం పోయినట్టే. సొంత మనవరాలైనా అంతే.

ఆ మనవరాలు ఎలీనా. పన్నెండేళ్ళ పిల్ల, దేవదూత వేషం. అప్పటికే రెండుసార్లు తప్పింది.

పోయిన డిసెంబరులో ఓ శనివారం... సాయంత్రం నాలుగున్నరకే చీకటి. బయట మంచు దట్టంగా పడుతోంది. పిల్లలందరూ జిమ్‌లో తెర వెనక వరసగా నిలబడ్డారు. లూసీ ఆంటీ పియానో దగ్గర కూర్చుని పేర్లు పిలుస్తున్నారు. తెర వెనకనుంచి ఒక్కో గొంతూ వాక్యం చెబుతోంది. "ఎలీనా" అన్నారు. వాక్యం వినబడింది. ఆవిడ టిక్కు పెట్టారు.

నేను వెనక తలుపు తాళం చూసి వద్దామని కారిడార్‌లోకి వెళ్ళాను.

అక్కడి లైట్లు మనిషి నడిస్తేనే వెలుగుతాయి, అదీ ఒక్కోటీ ఆలస్యంగా. ఒకటి వెలిగింది... రెండోది... చివరిది వెలిగేసరికి — క్లిప్పుకి ఆకుపచ్చ చీటీ.

ఆగాను. అది మాయం కాలేదు. ఒక్కో అడుగూ వేసుకుంటూ దగ్గరికి వెళ్ళాను. అయినా ఉంది.

చేత్తో తీశాను. కాగితం మంచుముక్కలా చల్లగా ఉంది. పైన గది నంబరు, కింద "గైర్హాజరు" అని ఇంగ్లీషులో అచ్చు. దాని కింద పెన్సిల్‌తో, గొలుసుకట్టు అక్షరాలతో, ఒకే ఒక్క పేరు.

ఎలీనా.

నాకు కోపం వచ్చింది. ఎవడో పిల్లవెధవ నాతో ఆటలాడుతున్నాడనుకున్నాను. చీటీ తీసుకెళ్ళి లూసీ ఆంటీ ముందు పెట్టి, మీ శిష్యుల ప్రతాపం చూడండి అన్నాను.

ఆవిడ చీటీ చూశారు. ఎవరు రాశారని అడగలేదు. లేచి తెర పక్కకి లాగారు.

"ఎలీనా ఏది?"

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివర నిలబడ్డ హంసిక ఏడుపు మొదలుపెట్టింది. హంసికవాళ్ళు హిందువులే, ఎలీనాకి స్కూల్లో ప్రాణస్నేహితురాలని పాటలు పాడటానికి వస్తుంది.

"వింగ్స్ కార్‌లో మర్చిపోయింది, ఆంటీ... బ్యాక్ డోర్ నుంచి వెళ్ళింది. లేట్ అయితే పార్ట్ పోతుంది అని... తన వెర్స్ నేనే చెప్పాను." నా వైపు చూసి గొణిగింది. "వినయ్ అంకుల్ చెప్పారు కదా, ప్రాక్సీ."

ఇంజనీరింగ్ రోజుల్లో ఫ్రెండ్స్‌కి గొంతు మార్చి హాజరు పలికిన ఘనకార్యాలన్నీ క్రితం నెల పిక్నిక్‌లో పిల్లలకి కథలు కథలుగా చెప్పింది నేనే. అందరూ పడీపడీ నవ్వారు. నోటి దురద ఊరికే పోతుందా?

లూసీ ఆంటీ అప్పటికే పరిగెడుతున్నారు, ఎప్పుడూ అడుగుపెట్టని ఆ కారిడార్‌లోనే.

వెనక తలుపు లోపలినుంచే తెరుచుకుంటుంది. బయటికి వెళ్ళినవాళ్ళ వెనకాల దానంతటదే మూసుకుని తాళం పడిపోతుంది. తోసి చూశాం. మెట్ల మీద గడ్డకట్టిన మంచు. మెట్ల కింద... ఓ తెల్లటి గుడ్డ. దాన్ని కూడా మంచు కప్పేస్తోంది.

పల్చటి దేవదూత గౌను, కోటు లేదు, కాలు మడతపడింది. "అమ్మమ్మా... నాక్ చేశాను," అంది, పెదాలు కదలకుండా. హాజరుకి ముందు లోపల పాటలు సాగుతున్నాయి, ఆ పియానో మోతలో ఎవరికి వినబడుతుంది?

అంబులెన్స్ వచ్చింది. ఇంకో అరగంట ఆలస్యమైతే మేం ఏమీ చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడు అందులో మనిషి. పిల్ల తల్లి ప్రిస్సిల్లా అంబులెన్స్‌లో ఎక్కింది. లూసీ ఆంటీని వెనకాలే నేను తీసుకెళ్ళాలి. కానీ ఆవిడ కదల్లేదు. ఆ గది గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"ఇది నా హోమ్‌రూమ్, వినయ్," అన్నారు.

అప్పుడు చెప్పారు, చాలా నెమ్మదిగా. ఆవిడ పదకొండేళ్ళప్పుడు బాపట్ల నుంచి ఇక్కడికి వచ్చారట. తల్లి నర్సు. ఈ స్కూల్లోనే చదివారు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి మొదటి ఇరవై నిమిషాలూ అందరూ ఎవరి హోమ్‌రూమ్‌లో వాళ్ళు. జెండా వైపు తిరిగి ప్రతిజ్ఞ, గోడ మీది స్పీకర్లో ఆ రోజు కబుర్లు, మధ్యాహ్నం భోజనం కావలసినవాళ్ళు చేతులెత్తడం, ఆపైన హాజరు. ఇంగ్లీషు సరిగ్గా రాని పిల్లకి ఏదో ఒక పని ఇవ్వాలని మిసెస్ కెల్లర్ అనే టీచరు హాజరు చీటీ ఈవిడకి అప్పజెప్పింది. ఖాళీ డెస్కుల పేర్లు ఆకుపచ్చ చీటీ మీద రాయాలి, బయట క్లిప్పుకి పెట్టాలి. ఆఫీసు వాళ్ళు పట్టుకెళ్ళి రాని పిల్లల ఇళ్ళకి ఫోన్ చేస్తారు. చేసిన టైము ఎర్రసిరాతో పేరు పక్కనే వేస్తారు.

ఈవిడతో కలిసి భోజనం చేసిన మొదటి పిల్ల డెనీస్. బ్యాండ్‌లో క్లారినెట్ వాయించేది. మూడుసార్లు ఆలస్యమైతే కచేరీలోంచి తీసేస్తారు, ఆమెకి అప్పటికే రెండయ్యాయి.

"నేను లేటైనా నా పేరు రాయకు అంది. రాయలేదు. ఆ రోజే క్రిస్మస్ కచేరీ. బ్యాండ్ పిల్లలకి క్లాసుల్లేవు, రిహార్సల్‌లో ఉందనుకున్నారు టీచర్లు. బ్యాండ్ మాస్టారు జ్వరమేమో అనుకున్నాడు. ఇంట్లోవాళ్ళు స్కూల్లో ఉందనుకున్నారు..." ఆవిడ ఇనప క్లిప్పుని వేలితో తడిమారు. "స్కూలుకి వస్తూ రైలుకట్ట పక్కన మంచులో పడిపోయింది. సాయంత్రానికి గానీ ఎవరూ వెతకలేదు. ప్రాణం మిగల్లేదు. పొద్దున ఆ ఫోన్ వెళ్ళి ఉంటే బతికేది, వినయ్. యాభయ్యేళ్ళు కావొస్తోంది. మా అమ్మకి కూడా చెప్పలేదు."

నా చేతిలో చీటీ వైపు వేలు చూపించారు. "ఆ అక్షరాలు డెనీస్‌వే."

పిల్లల పనే అయ్యుంటుందని చెప్పబోయాను. కానీ ఇందాక హంసికకి ఆ చీటీ చూపిస్తే చదవలేకపోయింది. గొలుసుకట్టు రాత ఇప్పటి పిల్లలకి నేర్పరు.

ఆవిడ నా జేబులో పెన్సిల్ తీసుకున్నారు. ఎలీనా పేరు కింద, అదే రకం అక్షరాలతో, నిదానంగా రాశారు — డెనీస్. చీటీని క్లిప్పుకి పెట్టి, "పద," అన్నారు. నేను తలుపులన్నీ మూసి, అలారం పెట్టి, ఆవిడని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. ఎలీనా బాగానే ఉంది.

ఆదివారం పొద్దున అందరికంటే ముందు నేనే వచ్చాను. రాత్రి అలారం మోగలేదు. బిల్డింగ్ చుట్టూ కొత్త మంచు, ఒక్క అడుగు ముద్ర కూడా లేదు.

క్లిప్పు ఖాళీగా ఉంది.

వెనకాలే వచ్చిన లూసీ ఆంటీ దాన్ని వేలితో తట్టి చూశారు. "ఆఫీసు ఎటు?" అన్నారు, తెలియనట్టు.

పాత ఆఫీసు గదిలో మా మడత కుర్చీలు పేర్చి ఉంటాయి. దాని తాళం చెవి నా గుత్తిలో తప్ప ఎక్కడా లేదు. తెరిచాను. కుర్చీల వెనక చెక్క బల్ల, దాని మీద అంగుళం దుమ్ము... ఆ దుమ్ములో ఆకుపచ్చ చీటీ.

డెనీస్ పేరు పక్కన ఎర్రసిరాతో, ఇంకా తడిగా, టైము వేసి ఉంది. ఎనిమిదీ యాభై, ఉదయం.

లూసీ ఆంటీ అక్కడే ఓ కుర్చీ విప్పుకుని కూర్చుని ఏడ్చారు. నేను గోడకున్న పాత ఆఫీసు ఫోన్ వైపు చూశాను. దానికి వైరు లేదు.