ఏ గత్తర నాటి మనిషి?

పొద్దున్నే చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది సత్తమ్మ. ఆసిఫాబాద్ కట్టెల డిపో నుంచి సెలవు మీద వచ్చిన మొగుడు కొండల్, దవాఖానలో తల్లిని చూసి అప్పుడే తిరిగొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"అవ్వకు ఆయాసం, దమ్ము లేనే లేదు! ఎనభై ఏండ్ల మనిషికి గింత బలమా అని డాక్టర్ సాబే పరేషాన్ అయితుండు. అవ్వకు గన్ని ఏండ్లున్నయని నాకే తెల్వకపాయె! అంతా కొత్త సూది మహిమట. ఇయ్యాల్టి సంది అందరికీ రెండింతలు ఇస్తరట."

సత్తమ్మ చేతిలో తునికాకు చిరిగింది. "పక్క మంచం దేవవ్వకు గూడనా?"

"గామెకే ముందు. మొన్న సూది పడ్డంక కండ్లు తిరిగి పడ్డది గద. మందు చాలక గట్లయిందంటుండు."

మనిషికి ముసలితనం ఎందుకొస్తుందో తెలుసుకోవడానికి కరీంనగర్ శివార్లో పెట్టిన దవాఖాన అది. తిండి, మందులు ఉచితం. కానీ డెబ్బై అయిదు దాటినవాళ్లకే చోటు. ఒంటిగది ఇంట్లో తంబాకు దుమ్ముకు అత్త లస్మవ్వకు ఊపిరాడకపోతే, ఆర్నెల్ల కిందట సత్తమ్మే తీసుకెళ్లింది. గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు పుట్టిందని చెప్పింది. "పెద్దగత్తరా, చిన్నగత్తరా?" అని అడిగారు. రెంటికీ నడుమ ఇరవై ఏళ్లు. చోటు దొరకాలని సత్తమ్మ "పెద్దగత్తర" అంది.

ఇప్పుడా మాట మొగుడికి చెప్పేసి లేచింది.

"పిచ్చిదానివా? చెప్తే మంచం పోతది! అవ్వ మల్ల గీ దుమ్ములకే రావాల్నా?"

"చెప్పకుంటే దేవవ్వ పోతది!"

పరుగులాంటి నడక. వెనకే కొండల్. వాళ్లు వెళ్లేసరికి డాక్టర్ రామకిషన్‌రావు సూదితో దేవవ్వ మీదికి వంగి ఉన్నాడు.

"ఆగుండ్రి దొరా! మా అత్తకు అరవై ఒకటే. నేనే అబద్ధమాడిన. దమ్ము తగ్గింది సూదికి కాదు, తంబాకు దుమ్ము లేకనే!"

డాక్టర్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. దేవవ్వ సన్నటి మణికట్టు వైపు చూశాడు. సూది పళ్లెంలో పెట్టేశాడు. "ఎంత పని చేసినవమ్మా!" అన్నాడు. "మంచం ఖాళీ చెయ్యుండ్రి."

లస్మవ్వ అప్పటికే మూట కడుతోంది.

"నేను ఏ గత్తర నాటిదాన్నో నాకు తెల్వదా? నువ్వు చెప్పినప్పుడు పక్కనే ఉంటిని."

"మరెందుకు నోరు మెదపకపోతివి అత్తా?"

"నేను జల్ది పోవాల్నని నీ మనసుల ఉన్నదేమో అనుకున్న."

సత్తమ్మ అత్త ఎదురుగా నేల మీద కూర్చుంది. "నువ్వు ఊపిరికి కొట్టుకుంటుంటే సూడలేక చెప్పిన అత్తా! ఇగ ఇంట్ల తంబాకు తేను. పక్కింటి శంకరవ్వ అరుగు మీద కూసొని చుట్టుకుంట."

"గా పని ముందే చేస్తే నేను గీడికి ఎందుకొద్దును?"

కొండల్ తల దించుకున్నాడు. సత్తమ్మ అత్త కాళ్లు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "గా ఇరవై ఏండ్లు నీయే అత్తా. ఉండి తిట్టు నన్ను, ఎంత తిడుతవో!"

లస్మవ్వ కోడలి భుజం ఆసరాగా లేచింది. తడికళ్లు తుడుచుకుంటూ అంది.

"నడువు. తొవ్వలనే మొదలువెడ్త."